కొలిమి తలుపు తెరవద్దు

ఆయుధపూజ నాడు పొద్దున్నే శేషాద్రి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చెన్నై వ్యాసర్పాడిలోని తన షెడ్డుకు వెళ్లి, కొలిమి తలుపు రవ్వంత తీసి, చూసి, మూసేయడం. లోపల తెల్ల పింగాణీ చట్రానికి నల్ల పింగాణీ బిళ్ల అతుక్కుంటోంది. రెండూ రెండు జాతులు. వేడికి ఒకటి ఎక్కువ ముడుచుకుంటుంది, ఇంకొకటి తక్కువ. ఇంతవరకూ కాల్చిన ప్రతి జతా టప్పున పగిలింది. ఇదీ పగిలితే ఇక ఫ్యూజు పింగాణీలే చేసుకుందాం అనేశాడాయన. అంటే కొలిమి పని చూసే మేనకోడలు రంజని కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. పాపం, ఆ పిల్ల మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉంది.

"మామా, పూర్తిగా చల్లారేదాకా తెరవద్దు. నువ్వు తొంగిచూసినప్పుడంతా పగలతా ఉండాది."

"నేను చూస్తే పగిలేదానికి, నాదేమన్నా దిష్టి కన్నా?"

తీరా వెళ్లేసరికి భార్య కనకవల్లి కొలిమికి గంధం పూసి, కుంకుమ పెట్టి, తలుపుకు అడ్డంగా చామంతి దండ కట్టేసింది.

"ఈపొద్దు పనిముట్టును తాకకూడదు. రేపు పొద్దున పునఃపూజ అయినాకే," అందామె.

శేషాద్రి చేతులు దురద పెట్టాయి. "అయ్యయ్యో, లోపల ఏదో కాలతా ఉండాదే!" అని అరిచాడు.

"కొలిమిలో కాలక పండతాదా?"

ఆమె నమ్మలేదుగానీ గేటు దగ్గర వాచ్‌మన్ పళని నమ్మేసి ఫోను కొట్టాడు. కాసేపటికి ఫైరింజన్ వచ్చింది. దాని వెనకే, ఆ అతుకు ముక్కను చూసి ఆర్డరివ్వాల్సిన జయరామన్ కారూ వచ్చింది. మంటలార్పేవాళ్లు గొట్టం విప్పుకుంటూ లోపలికి పరిగెత్తారు.

అప్పుడే వచ్చిన రంజనికి పైప్రాణాలు పైనే పోయాయి. "నీళ్లు పడితే అంతా ముక్కలే! ఆపండన్నా!"

ఎవరు వింటారు? కనకవల్లి కొలిమికి అడ్డం నిలబడింది.

"పూజ కాడికి బూట్లతోనా? ముందు ఆడ విప్పండి!"

అందరూ గతుక్కుమని బూట్లు విప్పారు. విప్పడం అయ్యేసరికి పొగా లేదు, మంటా లేదని తెలిసింది. శేషాద్రి నాలుగు చీవాట్లు తిన్నాడు. మిగతావాళ్లు ప్రసాదం సుండలు గుగ్గిళ్లూ బొరుగులూ తిన్నారు. ఫైరింజన్‌కు బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి మరీ పంపింది కనకవల్లి. జయరామన్ కూడా చెప్పులు విడిచి కొలిమికి దండం పెట్టుకున్నాడు.

"సరి, పూజ పెట్టినాక ఇంకేం తెరుస్తారు? రేపే వస్తా."

మరునాడు దండ తీశారు. రంజని తలుపు తీసింది. చట్రమూ బిళ్లా ఒకే ముక్కలా ఉన్నాయి! గీత లేదు, చీలిక లేదు. జయరామన్ గోటితో మీటాడు. ఖంగుమంది.

"గెలిచినాం అత్తా!" అంటూ రంజని కనకవల్లిని ఎత్తి గిరగిరా తిప్పేసింది.

ఆర్డరు ఖాయం చేస్తూ జయరామన్ అడిగాడు. "ఇన్నాళ్లూ పగిలింది కదమ్మా, ఈసారి కొత్తగా ఏం కలిపినారు?"

"ఏమీ కలపలా సార్. మామను తీసేసినాం."