ఫ్రిజ్ మీద ఇరవై మూడు తప్పులు

ఇంట్లో తండ్రి మాట చెల్లకపోవడం ఎంత గొప్ప వరమో మీలో చాలామందికి తెలియదు. పాపం, మీ పిల్లలు మామూలు బడికి వెళ్తున్నారు కదా!

మా టబిథాకు పదమూడేళ్లు. మా నెబ్రాస్కా పల్లెటూళ్లో, చర్చి కింది అంతస్తులో నడిచే క్లాసికల్ క్రైస్తవ బడిలో చదువుతోంది. ఆ బడి పెట్టింది మేమే, పదకొండు కుటుంబాల వాళ్లం. ఈ కాలపు చదువులు పిల్లల్ని పాడుచేస్తున్నాయనీ, రెండు వేల ఏళ్ల నాటి చదువును మళ్లీ బతికించాలనీ ఒక చలికాలం మా అందరికీ ఒకేసారి తోచింది. ముందు లాటిన్, బట్టీ. తర్వాత తర్కం. ఆ పైన వక్తృత్వం. అదీ వరస.

ప్రిన్సిపాల్ ప్రూయెట్ గారు రెండేళ్ల క్రితం దాకా ట్రాక్టర్లు అమ్మేవారు. లాటిన్‌లో పిల్లల కంటే సరిగ్గా ఒక్క పాఠం ముందుంటారు. ఆ మధ్య జలుబు చేసి రెండు రోజులు మంచం దిగకపోయేసరికి పిల్లలు ఆయన్ని దాటిపోయారు. మరుసటి వారం ఆయనే వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఇంత వినయమున్న గురువు మీ బడిలో ఒక్కరైనా ఉన్నారా?

ఇక మా ఇంటి సంస్కారం చూడండి. మా కోళ్లకు రోమన్ చక్రవర్తుల పేర్లు. గుడ్లు పెట్టడం మానేసిన నీరోను మొన్న ఆదివారం నూడుల్స్‌తో వండుకున్నాం. భోజనానికి ముందు ప్రార్థన కూడా లాటిన్‌లోనే. అది ఎక్కడ ముగుస్తుందో నాకు తెలియదు. టబిథా ఫోర్క్ అందుకోగానే 'ఆమెన్' అంటాను.

ఈ ఏడు టబిథాకు తర్కం మొదలైంది. వాదనలో దొర్లే ఇరవై మూడు తర్కదోషాల పట్టిక తెచ్చి ఫ్రిజ్ మీద అంటించింది. ఒక్కో దోషం పక్కన ఉదాహరణ రాయడానికి ఖాళీ ఉంటుంది. పది రోజుల్లో ఖాళీలన్నీ నిండిపోయాయి. ఇరవై మూడింటికీ నేనే! 'అందరూ అలాగే చేస్తున్నారు' అన్నది ఏడోది. 'నేను నీ తండ్రిని కాబట్టి' అన్నది పన్నెండోది. 'ఇవాళ పక్క సర్దనివాడు రేపు జైలుకెళ్తాడు' అన్నది పంతొమ్మిదోది. ఆ మాట నేనన్నట్టు నాకు గుర్తు లేదు గానీ, పక్కన తేదీ వేసి ఉంది.

మా ఆవిడ జొలీన్ ఆ పట్టికను రోజూ కాఫీ తాగుతూ చదువుకుంటుంది. పెళ్లయిన పదహారేళ్లలో ఆమె ముఖంలో ఇంత ప్రశాంతత నేను చూడలేదు. చెప్పండి, ఇది వరం కాదా?

ఒక్క చిక్కు మాత్రం ఉంది. మా అమ్మ.

అమ్మ పేరు ఆర్డిస్. డెబ్భై తొమ్మిదేళ్లు. మాకు రెండు వీధుల అవతల ఉంటుంది. ఈ ఊరి సర్కారు బళ్లో ముప్పై ఒక్కేళ్లు నాలుగో తరగతికి పాఠాలు చెప్పింది. నాకూ ఆవిడే చెప్పింది. మా కొత్త బడి ప్రారంభం రోజున నేను ఉపన్యాసమిచ్చాను. ఊపులో ఉన్నాను. "ఈ ఊళ్లో యాభై ఏళ్లుగా పిల్లలకు ఎవరూ చదువు చెప్పలేదు" అన్నాను. చప్పట్లు బాగా పడ్డాయి. రెండో వరసలో ఒళ్లో చేతిసంచీ పెట్టుకుని కూర్చున్న అమ్మ, లేచి వెళ్లిపోయింది.

రెండేళ్లయింది. ఆదివారం చర్చికి వస్తుంది, పాటలు పాడుతుంది, అందరినీ పలకరిస్తుంది. మెట్లు మాత్రం దిగదు. ఆరాధన అయ్యాక కాఫీ ఇచ్చేది కిందే, బడి నడిచే గదుల్లోనే. అందరం కాఫీకి దిగితే, అమ్మ కారులో కూర్చుంటుంది. కాఫీయే ప్రాణమైన మా లూథరన్ చర్చి మనిషి కాఫీ మానేసిందంటే కోపం ఏ స్థాయిలో ఉందో మీరే ఊహించుకోండి.

మే నెలలో మా బళ్లో పఠన సంధ్య జరుగుతుంది. టబిథా ఇంగ్లిష్ బైబిల్లోని ఒక పొడవాటి కీర్తన మొత్తం చూడకుండా అప్పజెప్పాలి. నానమ్మ రావాలని దాని పట్టు. వెళ్లి పిలిచింది.

"నేనొచ్చి ఏం చేస్తాను తల్లీ. నాకు చదువు చెప్పడమే రాదటగా" అందట అమ్మ.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర టబిథా ఫోర్క్ కింద పెట్టింది.

"నాన్నా, యాభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఎవరూ చదువు చెప్పలేదన్నావు కదా?"

"అదేదో ఊపులో అన్నాలే."

"అన్నావా, లేదా?"

"అన్నాను."

"నీకు నాలుగో తరగతిలో చదువు చెప్పిందెవరు?"

"నానమ్మ."

"అయితే రెండే దారులు. నానమ్మ చదువు చెప్పింది, నువ్వన్నది తప్పు. లేదా నువ్వన్నది నిజం, నీకు చదువు రాదు. చదువు రానివాడివి బడి ఎలా పెట్టావు? ఏదో ఒకటి తేల్చుకో."

నేను జొలీన్ వైపు చూశాను.

"నావైపు చూడకు. బంగాళాదుంపలు కావాలంటే ఇటున్నాయి" అంది.

మర్నాడు అమ్మ ఇంటికి వెళ్లాను. వంటింట్లో నిలబడి, అమ్మా, ఆ రోజు నోరు జారాను, నాది తప్పు అన్నాను.

అమ్మ గిన్నె తుడవడం ఆపలేదు. "ఇది చెప్పడానికి రెండేళ్లు పట్టిందేంరా?"

"టబిథాకు తర్కం ఈ ఏడే మొదలైందమ్మా."

పఠన సంధ్యకు అమ్మ వచ్చింది. కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. గోడకు మా బ్యానర్ కట్టి ఉంది: 'పోగొట్టుకున్న విద్యను వెతుకుతున్నాం'. దాన్ని పైనుంచి కిందిదాకా చదివి మూడో వరసలో కూర్చుంది.

టబిథా పద్నాలుగు వచనాలు తడుముకోకుండా చెప్పింది. పదిహేనో దగ్గర ఆగిపోయింది. ప్రూయెట్ గారు కాగితాలు తిరగేశారు, దొరకలేదు. పిల్ల తల దించుకుంది. నాకూ గుర్తు రాలేదు. అసలు నాకెప్పుడు వచ్చు గనక?

మూడో వరసలోంచి మెల్లగా మూడు మాటలు వినిపించాయి. టబిథా తల ఎత్తింది, అందుకుంది, చివరిదాకా చెప్పేసింది.

తర్వాత కాఫీ దగ్గర ప్రూయెట్ గారు అమ్మ చేయి పట్టుకుని వదల్లేదు. "అమ్మా, ఇదంతా మీరెక్కడ నేర్చుకున్నారు?"

"ఇక్కడే, మా అమ్మ దగ్గర. కీర్తనలు నలభై దాకా వచ్చు. మా క్లాసు పిల్లల చేత పద్యాలు కూడా ఇలాగే చెప్పించేదాన్ని."

"ఇవన్నీ మరుగున పడిపోయాయని మేము దేశమంతా తిరిగి వెతుకుతున్నామండీ."

"మరుగున పడలేదు బాబూ. నన్నెవరూ అడగలేదు" అంది అమ్మ. రెండేళ్ల తర్వాత దొరికిన కాఫీని ఇంకో కప్పు పోయించుకుంది.

ఇంటికొచ్చాక టబిథాను అడిగాను. రోము దాకా వెళ్లి వెతికి, రెండు వీధుల అవతల తలుపు తట్టకపోవడాన్ని ఏ దోషమంటారు? అది పట్టికంతా చూసి, ఇందులో లేదు, నానమ్మను అడుగు అంది. ఫోన్ చేశాను. అమ్మ ఆలోచించనైనా లేదు.

"పొగరు అంటార్రా" అంది.

ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఇరవై నాలుగు దోషాలున్నాయి. చివరిదాన్ని టబిథా పెన్సిల్‌తో రాసింది. పక్కన ఉదాహరణ కోసం గీసిన గడిలో 'నాన్న' అని ఉంది. ఒక్క రోజుది కాదనేమో, ఈసారి తేదీ వేయలేదు.