భాగ్యశ్రీకి పడిన శిక్ష

ఆ ఉదయం దానయ్య వేసుకున్న ప్రణాళికలో దోషమేమీ లేదు. రైల్వే కర్మాగారంలో సగం పూట సెలవడిగి, మధ్యాహ్నంలోగా గుఢియారీలోని కూతురి బడికి వెళ్లి, పిల్ల ఎంపికైతే హెడ్‌మాస్టరు ఎదుట నోటితో ఒక్క 'సరే' అనడం. అంతే. ఆ బడిలో సంస్కృతం పంతులు బదిలీ అయిన తర్వాత ఆ పీఠం ఖాళీగానే ఉన్నది గనుక, తొమ్మిదో తరగతి పిల్లలు ఆ భాషకు మారుగా ఏదో ఒక వృత్తివిద్య తీసుకోవలసిందేనని తీర్మానమైంది. ఉన్నవి రెండే: విద్యుత్ పరికరాల మరమ్మతు, వ్యవసాయం. మొదటిదానికి పోటీ ఎక్కువ. ఎంపికైన పిల్లల పెద్దలు స్వయంగా వచ్చి ఒప్పుకోకపోతే, ఆ స్థానం తర్వాతివారికి పోతుంది.

భాగ్యశ్రీ కోరుకున్నది మొదటిదే. నడి వేసవిలో ఇంటి కూలరు నిలిచిపోతే మోటారు విప్పి, కాలిన తీగ మార్చి, మళ్లీ తిప్పిన పిల్ల. మిస్త్రీనవుతానని ఆమె అన్నప్పుడు తల్లి మాలతి నవ్వింది గాని తండ్రి నవ్వలేదు. "నువ్వు సెలెక్ట్ అవు చాలు బేటా. తర్వాత పాలిటెక్నిక్ దాకా మేరీ జిమ్మేదారీ" అని పూచీ పడ్డాడు. ఆ పిల్ల ఆ మాటను పట్టుకొని నెల్లాళ్లుగా నేలమీద నడవడం లేదు.

మాలతి ఆ పొద్దున మోవాలో ఉన్న చెల్లెలింటికి పోతూ తన ఫోను వంటింటి గట్టుమీద మరచిపోయింది. అది మోగినప్పుడు ఇంట్లో ఉన్నది దానయ్య తల్లి అప్పలనరసమ్మ ఒక్కతే. శివరాత్రి వెళ్లాక బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి ఈ హిందీ ఊరికి వచ్చింది. కూరలవాళ్లతో బేరమాడి నేర్చిన 'నహీ' తప్ప ఆమెకు హిందీ రాదు. అవతల టీచరు ఎంతో సంతోషంగా, "మాతాజీ, భాగ్యశ్రీ కో వ్యావసాయిక్ శిక్షా మిలీ హై. పితాజీ కో భేజియే" అన్నది.

హిందీలో 'శిక్షా' అంటే చదువు; పిల్లకు వృత్తివిద్యలో చోటు దొరికింది, తండ్రిని పంపమని ఆ మాటల అర్థం. శబ్దం బ్రహ్మమంటారు, అర్థం మాత్రం వినేవారి పూర్వానుభవాన్ని బట్టి ఉంటుంది. అప్పలనరసమ్మ చెవికి సోకింది వ్యవసాయ శిక్ష. యౌవనమంతా పరుల మడిలో నడుము వంచి కలుపు తీసిన మనిషి ఆమె. కొడుకు కాలికి ఆ బురద అంటకూడదనే వాణ్ణి రైలు కొలువులోకి తోలింది. ఆ రెండు మాటలు జంటగా వినబడితే ఆమెకు అనుమానించదగినదేమీ తోచలేదు. శిక్ష అంటే ఆమె ఎరిగినది అదొక్కటే.

కర్మాగారపు హోరులో దానయ్య ఫోను పలకలేదు. ఆమె పక్కవీధిలో ఉండే తెలుగు సంఘం కార్యదర్శి ప్రేమ్‌చంద్ గుమ్మంలో కూలబడింది. "బాబూ, మా గుంటకి బళ్లో సిచ్చేసినారు. పొలం పనిలో ఎడతారట" అని వలవల ఏడ్చింది.

ప్రేమ్‌చంద్ రైల్వేలో గుమాస్తాగిరీ చేసి విశ్రాంతి పొందినవాడు. ఆ విశ్రాంతి ఆయనకు బొత్తిగా పడలేదు. నేరమేమిటని అడిగాడు. ముసలమ్మకు తెలియదు. తెలియని నేరం ఉద్యమానికి మరింత అనుకూలం. వీధి చివరికి చేరేసరికి ఆ పిల్ల తరగతిలో తెలుగు మాట్లాడిందని ఆయనే పూరించాడు. బజారు దాటేసరికి బెత్తంతో కొట్టారన్నది కూడా చేరింది. వెంట పదిమందికి పైగా పోగయ్యారు. వారిలో భాగ్యశ్రీ ముఖమెరిగినవారు ఒక్కరూ లేరు, కనుక కోపానికి అడ్డు లేకపోయింది.

హెడ్‌మాస్టరు సాహు మెతకమనిషి. గదిలోకి దూసుకువచ్చిన వృద్ధురాలు చేతులు జోడించి, "సిచ్చా నహీ. మా పిల్లకి సిచ్చా నహీ" అన్నది. ఆయన పుట్టిన ఛత్తీస్‌గఢీ పల్లెలో చదువును ఇంచుమించు అలాగే పలుకుతారు. ఆడపిల్లలను బడి మాన్పించే పెద్దలను బతిమాలడంలోనే జుట్టు నెరిసినవాడు గనుక, ఆడపిల్లలకు చదువు చెప్పడం తమ ధర్మమని ఆయన లేచి నిలబడి ఎంతో వేదనతో చెప్పాడు. "మాతాజీ, లడ్కియోం కో శిక్షా దేనా హమారా ధర్మ్ హై."

అప్పలనరసమ్మ వెనుదిరిగింది. "ఇన్నారా బాబూ. సిచ్చించడం ఆడి దరమమట."

గుమ్మం బయటి గుంపు హోరెత్తింది. ఆ గదిలో రెండు భాషలూ క్షుణ్ణంగా తెలిసినవాడు ప్రేమ్‌చంద్ ఒక్కడే. ఏం జరిగిందో ఆ క్షణాన ఆయనకు సమస్తమూ బోధపడింది. ఒక్క నవ్వు నవ్వి ఉంటే కథ అక్కడితో ముగిసేది. కాని దారిపొడవునా అన్యాయమని అరిచిన గొంతు, వెనుక నిలబడ్డ అంతమంది ఎదుట, పొరపాటని ఎలా పలుకుతుంది? అహంకారం సత్యానికి అడ్డుపడటానికి అసురులు కానక్కరలేదు; సంఘం కార్యదర్శులైనా చాలు.

పిల్లకిచ్చిన విద్య ఏమిటని ఆయన హిందీలో మెల్లగా అడిగాడు. కరెంటు పని అని సాహు చెప్పగానే, ఆయనకు దారి దొరికింది. "సర్, పరివార్ కో మంజూర్ నహీఁ హై. నామ్ హటా దీజియే." కుటుంబానికి ఇష్టం లేదట, పేరు తీసేయాలట. సాహు రెండుసార్లు అడిగి చూశాడు, ముసలమ్మ కన్నీళ్లు చూశాడు, గుంపును చూశాడు, తల వంచాడు. ప్రేమ్‌చంద్ జనంవైపు తిరిగి, "శిక్ష రద్దయింది" అని తెలుగులో ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. అప్పలనరసమ్మ ఆయనకు చేతులెత్తి మొక్కింది.

చప్పట్లు విని తరగతిలోనుంచి పరుగెత్తుకువచ్చిన భాగ్యశ్రీకి హెడ్‌మాస్టరే సంగతి చెప్పాడు. ఆ పిల్ల ఏడవలేదు. కార్యదర్శి ముఖంలోకి సూటిగా చూసింది.

"అంకుల్, మీకు హిందీ వచ్చు కదా."

"పెద్దవాళ్లు ఏం చేసినా నీ భలాయీ కోసమేనమ్మా" అన్నాడాయన, చెప్పులు వెతుక్కుంటూ.

దానయ్య మసి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి, వరండాలో కాచుకున్న వేరొక తండ్రి 'సరే' అనడం, ఆ స్థానం పొందడం కూడా అయిపోయాయి. పొరపాటు తెలిసి సాహు ఎంతో నొచ్చుకున్నాడు గాని, ఒకరికిచ్చినది తిరిగి లాక్కోలేనన్నాడు. వృత్తివిద్య తప్పనిసరి గనుక మిగిలినదాంట్లో చేర్చుతానన్నాడు. మిగిలింది వ్యవసాయం.

ఇంటి గుమ్మమెక్కాక కొడుకు తల్లికి అంతా విడమరచి చెప్పాడు. ఆమె తన అరచేతులవైపు చూసుకొన్నది.

"నాకలాగే ఇనిపించిందిరా. పొలం సిచ్చ అనే ఇన్నాను."

"సరిగ్గానే విన్నావమ్మా" అన్నాడు దానయ్య. "బస్, కాస్త ముందుగా విన్నావు."

ఆ ఆదివారం తెలుగు సంఘం సభలో ప్రేమ్‌చంద్‌కు శాలువా కప్పారు. ఆయన బాలికల విద్య ఆవశ్యకతను గూర్చి రెండు భాషల్లోనూ అనర్గళంగా ప్రసంగించాడు.