ఐదేళ్ళలోపు వారికి ఓడ

కిరండూల్ పసిపిల్లల దగ్గును సమూలంగా నిర్మూలించేందుకు లోహలక్ష్మి ఖనిజ రవాణా సంస్థవారు ఆ ఏడాది ఒక ఓడను ఏర్పాటు చేశారు. కిరండూల్ కొండల్లో ఉంటుంది కదా, ఓడ సముద్రం మీద కదా ఉంటుందని ఎవరైనా సందేహిస్తే, వారికి సంక్షేమమంటే ఏమిటో తెలియదనుకోవాలి.

ఈ నిర్ణయం తొందరపడి తీసుకున్నది కాదు. పిల్లల మీది ఇనుప ఖనిజపు ధూళిని తొలగించడమా, ధూళిలోంచి పిల్లలను తొలగించడమా అన్న అంశం మీద నిపుణుల సంఘం ఒకటి లోతుగా ఆలోచించింది. ధూళి ఎక్కువ, పిల్లలు తక్కువ. పైగా ధూళి సంస్థ ఆస్తి, పిల్లలు కారు. కనుక రెండో మార్గమే ఆచరణ సాధ్యమని తేల్చింది. ఆ విధంగా ఐదేళ్ళలోపు పిల్లలను విశాఖపట్నం నుంచి మూడు రోజులపాటు ఓడలో తిప్పి తెచ్చే 'శిశు సముద్ర విహార పథకం' పుట్టింది. ఏటి దిగువ గ్రామాలను మాత్రం పథకంలో చేర్చలేదు. అక్కడి పిల్లలను ఓడ ఎక్కిస్తే, గనుల ఎర్రనీళ్ళు అంతదాకా పోతున్నాయని ఒప్పుకున్నట్టవుతుంది. సంస్థ నిజాయితీ గలది. జరగనిదాన్ని ఒప్పుకోదు, జరిగినదాన్ని అసలే ఒప్పుకోదు.

ప్రయోగాత్మకంగా మొదటి ఏడాది ఒకే కుటుంబాన్ని ఎంపిక చేశారు. సంస్థవారి కిరండూల్ రైలు యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసే యేసుపాదం, అతని భార్య ప్రమీలారాణి, నాలుగో ఏడు నడుస్తున్న కూతురు చిన్నమ్మి, ఏడాదిన్నర కొడుకు బంగారురాజు. ఎంపికలో పూర్తి పారదర్శకత పాటించారు. బంగారురాజుకు రెండు బుగ్గల మీదా సొట్టలున్నాయి. ఫోటోలకు అవి అవసరం.

నిజానికి ప్రమీలారాణి అడిగింది ఓడ కాదు. క్వార్టర్ల కుళాయికి ఫిల్టరు పెట్టించమని ఆమె సంక్షేమాధికారి సన్యాసిరావుగారి చుట్టూ రెండేళ్ళుగా తిరుగుతోంది. కుళాయిలో ఇటుక రంగు నీళ్ళు వచ్చేవి. మరిగించి, చీరకొంగుతో రెండుసార్లు వడకట్టినా గ్లాసులో టీ పోసినట్టే ఉండేవి. చింతచిగురు అమ్ముకోవడానికి దిగువ ఊరినుంచి వచ్చే లక్మే ఒకసారి ఆ గ్లాసు చూసి, "మా ఏరు ఇంతకన్న ఎర్రగుంటది దీదీ. గొడ్లు గూడ మూతి పెట్టయి. మీ పిల్లలు మస్తు గట్టోళ్ళు," అని మెచ్చుకుంది. ఆ మెప్పు ప్రమీలారాణికి ముల్లులా దిగింది. ఆ రోజే పోయి మళ్ళీ ఫిల్టరు అడిగింది. ఫిల్టరు అడిగితే ఓడ వచ్చింది. అడిగినదానికన్నా పెద్దది ఇవ్వడం పెద్ద సంస్థల స్వభావం.

సన్యాసిరావుగారు బ్యానరుతో, కెమెరాతో వెంట బయలుదేరారు. పిల్లలకు సంస్థ పేరున్న తెల్లబట్టలు తొడిగి, మాసిపోకూడదని షరతు పెట్టారు. రైలు మొదటి సొరంగం దాటకముందే ఆ షరతు కాలం చేసింది. విశాఖ రేవులో భద్రతా సిబ్బంది సంచులు వెతికి, ప్రమీలారాణి ఇంటినుంచి పట్టుకొచ్చిన నీళ్ళ సీసా బయటికి తీశారు. ఎండకు ఎత్తి చూశారు. మూత తీసి వాసన చూశారు. అనుమానాస్పద ద్రవమని రాసుకుని పారబోశారు.

ఓడ ఎంత గొప్పదో చెప్పనలవి కాదు. పసిపిల్లల కోసం ప్రత్యేకంగా ఒక ఆటగది ఉంది; అందులోకి మూడేళ్ళలోపు వారికి ప్రవేశం లేదు. ఒక చిన్న ఈతకొలను ఉంది. డైపర్లు తొడుక్కునేవారు అందులో దిగరాదు. ఒక తోలుబొమ్మలాట ఉంది. అది పిల్లలు నిద్రపోయే వేళకు మొదలవుతుంది. ఏడాదిన్నరవాడికి అనుమతి ఉన్న ఏకైక వినోదం లిఫ్టు. బంగారురాజు దాన్ని సంపూర్ణంగా వినియోగించుకున్నాడు. వాడి వెనక తండ్రి, తండ్రి వెనక కెమెరాతో సన్యాసిరావుగారు పదకొండు అంతస్తులూ ఎక్కారు, దిగారు. ఆ విహారంలో భార్యాభర్తలు పక్కపక్కన కూర్చున్నది ఒక్కసారే. ఓడ మునిగితే ఏం చేయాలో నేర్పే తరగతిలో.

చిక్కు భోజనం దగ్గర వచ్చింది. ప్రమీలారాణి గ్లాసునిండా నీళ్ళు పోసి కూతురి ముందు పెట్టింది. చిన్నమ్మి గ్లాసులోకి తొంగి చూసింది.

"అమ్మా, ఇందల నీళ్ళు నేవు."

"నిండుగా ఉన్నాయే. తాగు."

"నేవు. ఉత్తి గళాసు." వేలు ముంచి చూసుకుంది. "తడుంది గానీ నీళ్ళు నేవు."

బతిమాలారు, బెదిరించారు. యేసుపాదం తాను తాగి చూపించాడు. నాన్న ఉత్తి గ్లాసు తాగుతున్నాడని ఆ పిల్ల పగలబడి నవ్వింది. బంగారురాజుకు అక్క ఏం చేస్తే అదే శాస్త్రం. వాడూ పళ్ళు బిగించాడు. ఆ పూట పాలతో సరిపెట్టారు. మర్నాడు అలలకు ఓడ కాస్త ఊగింది. వాడు పాలు కక్కాడు, అన్నం కక్కాడు, ఆఖరికి ఏమీ లేక పసరు కక్కాడు. మధ్యాహ్నానికి పెదవులు ఎండిపోయాయి. పొద్దుటినుంచి డైపరు తడవలేదు. లిఫ్టు గంట మోగినా కళ్ళు తిప్పలేదు.

ఓడ వైద్యుడు వాడి పొట్టమీది చర్మం పట్టి చూశాడు. "ఒంట్లో నీళ్ళు పోయాయి. ఎలాగైనా తాగించండి. సెలైన్ ఎక్కించడానికి ఇంత చిన్నవాళ్ళకు సరిపడే సూది మా దగ్గర లేదు. ఒడ్డు రేపుగాని రాదు," అని ఉప్పూ చక్కెరా కలిపిన పొట్లాలు ఇచ్చాడు. కలిపితే అవీ తెల్లగానే ఉన్నాయి. వాడు చెంచాను తోసేశాడు.

"పెదవులు ఫోటోలో సరిగా రావడం లేదమ్మా. కొంచెం నూనె రాయండి," అన్నారు సన్యాసిరావుగారు.

ప్రమీలారాణికి ఒళ్ళు మండింది. కానీ కోపానికి అప్పుడు తీరిక లేదు. నీళ్ళు ఎర్రగా ఉంటే తాగుతారేమోనని వంటశాలకు పరుగెత్తి చెప్పింది. అక్కడివాళ్ళు బీట్‌రూట్ రసం కలిపి ఇచ్చారు. చిన్నమ్మి నిపుణురాలిలా పరీక్షించి, "ఇది రంగు. నీళ్ళు కాదు," అని తిప్పికొట్టింది. అప్పుడు ప్రమీలారాణి వైద్యుణ్ణి అడిగి, టీ డికాక్షన్ తెచ్చుకుంది. మందునీళ్ళలో ఒక చుక్క వేసింది. కలిపింది. ఇంకో చుక్క. గ్లాసులో కిరండూల్ కనిపించగానే ఆమె చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

"నీళ్ళొచ్చాయి!" అని చిన్నమ్మి గ్లాసు లాక్కుని గటగటా తాగింది. అది చూసి బంగారురాజు చేతులు చాచాడు. చెంచా తర్వాత చెంచా, గుక్క తర్వాత గుక్క. సాయంత్రానికి డైపరు తడిసింది. ఆ తడి తగలగానే ప్రమీలారాణి గది నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"తాగేడు కదే! ఇంకా ఎందుకేడుస్తన్నావు?" అన్నాడు యేసుపాదం.

"తాగేడనే ఏడుస్తన్నాను," అంది.

సరిగ్గా ఆ సమయానికి గుమ్మంలోంచి కెమెరా మెరిసింది. ఎర్రటి గ్లాసు, రెండు సొట్టలు, వెనక కిటికీలో నీలి సముద్రం. సంక్షేమాధికారి ఉద్యోగ జీవితంలో అంతకు మించిన ఫోటో లేదు.

కిరండూల్‌లో అభినందన సభ ఘనంగా జరిగింది. ఆ ఫోటో వేదికంత పెద్దదిగా వెలిసింది. దాని కింద ఢిల్లీనుంచి వచ్చిన సంస్థ డైరెక్టరుగారు, ఆయన ముందు సీలు తీయని నీళ్ళ సీసా. సన్యాసిరావుగారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! మన నీటిమీద కొందరు గిట్టనివారు అపనిందలు వేస్తున్నారు. కానీ ఎంచుకునే స్వేచ్ఛ లభించిన క్షణాన మన చిన్నారులు ఏ నీటిని కోరుకున్నారు? సాగర మధ్యంలో, స్ఫటికంలాంటి జలాన్ని తృణీకరించి, మన నీటి రంగునే కోరుకున్నారు! ఈ పసిగుడ్ల స్వస్థలాభిమానానికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. ప్రమీలారాణిని రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె మైకు అందుకుంది.

"మా బిడ్డలు మంచినీళ్ళు సూసి గళాసు ఖాళీగా ఉందనుకున్నారండి. సావు దాకా ఎల్లొచ్చారు. మాకు ఓడొద్దండి. కుళాయికి ఫిల్టరెట్టించండి."

డైరెక్టరుగారికి తెలుగు రాదు. సన్యాసిరావుగారు ఆయన చెవి దగ్గరకు వంగి, ఓడ చూసిన ఆనందంలో ఆవిడకు మాటలు రావడం లేదని హిందీలో అనువదించారు. కానీ కిరండూల్‌లో ఒక్క భాషతో బతికేవాళ్ళెవరు? ప్రమీలారాణి మైకు మళ్ళీ లాక్కుని, అదే సంగతి హిందీలో చెప్పింది. ఆమెది సంతలో నేర్చిన హిందీ. బేరానికీ తగువుకీ పనికొస్తుంది, కృతజ్ఞతకు పనికిరాదు.

డైరెక్టరుగారు కళ్ళజోడు తీశారు. ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి. "పసిబిడ్డలకు ఇంత అసౌకర్యమా! ఇకమీదట ఇలా జరగడానికి వీల్లేదు," అని బల్ల గుద్దారు. వచ్చే ఏడాది నుంచి కిరండూల్ కుళాయి నీళ్ళను పీపాలతో ఓడలోకి ఎక్కించాలని అక్కడికక్కడే ఆజ్ఞాపించారు. ఒక కుటుంబానికి బదులు ఇరవై కుటుంబాలను పంపుతామన్నారు. నీటిమీద ఫిర్యాదులు చేయనివారికి ప్రాధాన్యమన్నారు. ఈసారి చప్పట్లు చాలాసేపు ఆగలేదు.

మర్నాడు ప్రమీలారాణి ఫిల్టరు కోసం అర్జీ రాసుకుని ఇంటింటికీ తిరిగింది. అందరూ కూర్చోబెట్టి మర్యాద చేశారు. ఓడలో లిఫ్టు ఎలా ఉంటుందని అడిగారు. సంతకం అనేసరికి, "ఇప్పుడొద్దొదినా. పిల్లల ఓడ పోద్దేమో," అన్నారు. చింతచిగురు గంప దించి లక్మే ఒక్కతే వేలిముద్ర వేసింది. "మా ఊరికి ఓడ రాదు గదా దీదీ. నాకు భయమేంది?" అంది.

ఆ ఒక్క వేలిముద్ర పట్టుకుని ప్రమీలారాణి సంస్థ ఆఫీసుకు వెళ్ళింది. గేటుదాకా పొడవాటి వరుస నిలబడి ఉంది. ఓడకు పేర్లు రాయించుకునేవాళ్ళు. వరుస చివర యేసుపాదం, చంకలో బంగారురాజు. భార్యను చూసి నేలచూపులు చూశాడు.

"సిన్నమ్మికి ఐదేళ్ళు నిండిపోతే మరి ఎక్కనివ్వరటే," అన్నాడు.

ప్రమీలారాణి అర్జీ ఉన్న చేత్తోనే కొడుకును తన చంకలోకి తీసుకుంది. వరుస ఇంకా కదలలేదు. మీ ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలుంటే రండి, యేసుపాదం వెనక ఇంకా చోటుంది.