కవిత చదివిన కార్యాలయం

వృద్ధాప్య భృతి కార్యాలయంలోని కంప్యూటర్లన్నీ ఒక్క మధ్యాహ్నంలో సర్వనాశనమైన సందర్భంగా, అక్కడి సిబ్బంది చూపిన విధేయతను పైవారు ఎంతగానో మెచ్చుకున్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ ఘనకార్యంలో పెద్ద వాటా హెడ్డు గుమాస్తాదేనని అందరూ ఒప్పుకుంటారు. ఈమధ్య ఆయనొక్కడే ఒప్పుకోవడం లేదు.

ఆ కార్యాలయం పని ముసలివాళ్ళకి నెలనెలా భృతి ఇవ్వడం. అక్కడి పెద్దసారి పని కవిత్వం రాయడం. కవిత మెయిల్లో రాగానే "అద్భుతం సార్, కళ్ళు చెమర్చాయి" అని జవాబివ్వడం సిబ్బంది పని. జవాబివ్వాలంటే కవిత తెరవాలన్న నియమం ఎక్కడా లేదు. హెడ్డు గుమాస్తా అయితే మెయిలొచ్చిన చప్పుడు వినగానే, కళ్ళజోడైనా పెట్టుకోకుండా కళ్ళు చెమర్చాయని రాసి పారేసేవాడు. సూపరింటెండెంటు కుర్చీ ఖాళీగా ఉంది మరి. దానికోసం ఎదురుచూసి ఎదురుచూసి ఆ కళ్ళు ఎప్పుడో కాయలు కాచాయి. ఇవాళో రేపో వచ్చేస్తుందని భార్య చుట్టాలందరికీ చెప్పేసింది కూడా.

ఒకరోజు పొద్దున్నే "నా కొత్త కవిత, తెరిచి చూడండి" అంటూ పెద్దసారి పేరుతో మెయిలొచ్చింది. ఎప్పటిలాగే అద్భుతాలు వెల్లువెత్తాయి. టైపిస్టు మాత్రం కొత్తగా చేరిన పిల్ల, ఆఫీసు ఆచారాలు తెలియనిది. నిజంగానే తెరిచింది. తెర నల్లబడింది, యంత్రం ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. అజాగ్రత్తగా చదివినందుకు ఆమెకి మెమో ఇచ్చారు.

మర్నాడు ప్రధాన కార్యాలయం నుంచి భద్రతా నిపుణుడు దిగి, అందరినీ కూర్చోబెట్టి ప్రసంగించాడు. వైరస్ ఏదో ఒక ఫైలు పట్టుకుని వేలాడుతుందట, అది కదిలితేనే తానూ కదులుతుందట. వర్మ్ ఎవరి సాయమూ అక్కర్లేకుండా ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి పాకుతుంది. ట్రోజన్ బహుమతి వేషంలో గుమ్మం దాటి, లోపలికొచ్చాక అసలు బుద్ధి చూపిస్తుంది. స్పైవేర్ పక్కనే కూర్చుని మన గుట్టు మోసుకుపోతుంది. రాన్సమ్‌వేర్ మన ఫైలుకే తాళం వేసి, చెయ్యి తడిపితేగానీ తియ్యదు. ఇంత చెప్పి ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. సిబ్బంది ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇందులో కొత్త సంగతేమిటో ఎవరికీ బోధపడలేదు.

"ఒకప్పుడు ప్రేమలేఖ వేషంలో ఒక పురుగు దేశదేశాలూ తిరిగి కొంపలు ముంచింది. ఇదేమో మీ పెద్దసారి కవిత వేషంలో వచ్చింది. తెరిచిన యంత్రం మటాష్! మీ అదృష్టం, ఒక్కటే పోయింది" అన్నాడు నిపుణుడు.

పెద్దసారు నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. ఆ కవిత ఆయన రాయలేదు. కానీ అన్ని పొగడ్తలు పుచ్చుకున్నాక, రాయలేదని చెప్పడానికి మనసెలా ఒప్పుతుంది?

"అంటే... మిగతావాళ్ళెవరూ నా కవిత తెరవనేలేదన్నమాట."

కుర్చీ చెయ్యిజారిపోవడం హెడ్డు గుమాస్తాకి కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

"అయ్యో, చదివాం సార్! మావి మొండి యంత్రాలండి, రోగం పైకి తేలడానికి కాస్త టైం పడుతుంది. సాయంత్రంలోగా తప్పకుండా పోతాయి" అన్నాడు.

"చూద్దాం" అన్నాడు పెద్దసారు.

ఆ మధ్యాహ్నం భోజనానికి లేచినవాడు లేడు. హెడ్డు గుమాస్తా కళ్ళజోడు పెట్టుకుని, తన ఉద్యోగంలో మొట్టమొదటిసారిగా ఒక కవిత తెరవబోయాడు.

"ఆగన్నా, ఆగు! నేనెప్పుడో చెరిపేసి చచ్చాను. నీది పోయేలోపు నాకొకటి పంపవా, నీకు పుణ్యముంటుంది" అని క్యాషియరు గడ్డం పట్టుకున్నాడు. ఆయనకి పంపి, తనది తెరిచాడు. తెర నల్లబడింది. హెడ్డు గుమాస్తా ప్రాణం కుదుటపడింది. నిపుణుడు బల్లల మధ్య పరిగెడుతూ "ముట్టుకోకండి బాబోయ్!" అని మొత్తుకున్నాడు. సాహిత్యమంటే గిట్టని మనిషని ఆయన్ని మర్యాదగా బయటికి పంపించారు.

సాయంత్రానికి ఒక్క యంత్రమూ మిగల్లేదు. పెద్దసారు గద్గద స్వరంతో ఉపన్యసించాడు: "ఇంతమంది చదువరులున్న కార్యాలయం భూప్రపంచంలో మరొకటుంటే చూపించండి!" హెడ్డు గుమాస్తాని సూపరింటెండెంటుని చేస్తున్నట్టు అక్కడికక్కడే ప్రకటించాడు. టైపిస్టు మెమో మాత్రం రద్దు కాలేదు. పెద్దలకంటే ముందే చదవడం క్రమశిక్షణ కాదు కదా.

అయితే ఉత్తర్వు వెయ్యాలంటే ఉద్యోగ దాఖలా కావాలి. సిబ్బంది దాఖలాలన్నీ ఉండేది హెడ్డు గుమాస్తా యంత్రంలోనే. అందరివీ నకళ్ళు తీయించి పైకి పంపిన ఆ మనిషి, తనది పదోన్నతితో కలిపి పంపొచ్చని అట్టేపెట్టుకున్నాడు. చేరినట్టే రుజువు లేనివారికి పై పదవే కాదు, ఉన్న పదవీ చెల్లదని ప్రధాన కార్యాలయం విచారం వ్యక్తం చేసింది. మొర పెట్టుకుందామని పెద్దసారి దగ్గరికి వెళితే బంట్రోతు తలుపు దగ్గరే ఆపేశాడు. "బయటివాళ్ళు కిటికీ దగ్గర వరసలో రావాలండి. ఏమనుకోకండి."

ఎండలో వరస చివర నిలబడితే ఆయనకి నిజంగానే కన్నీళ్ళొచ్చాయి. ముందున్న ముసలావిడ వెనక్కి తిరిగి పరకాయించి చూసింది.

"నువ్వు లోపల కూర్చునే బాబువి కదూ? ఇక్కడున్నావేం?"

"వైరస్ వచ్చిందమ్మా. బతికున్న మనిషిని లేనట్టే చేసేసింది. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా?"

"అయ్యో పాపం" అంది ఆవిడ.

"నేను చచ్చిపోయానని నిరుడు రాసేశారు నాయనా మీ వాళ్ళు. అప్పటినుంచీ తిరుగుతున్నా. అప్పుడు మీ కంప్యూటర్లన్నీ బాగానే ఉన్నాయి కదా?"