పిడుగు రాసిన ఉత్తరం

"ఉత్తరం వచ్చింది!" అని గుమ్మంలోంచి భార్య అరిస్తే, మంచం మీదున్న రా బొసీగోకు "చుట్టం వచ్చింది!" అని వినిపించింది. వెంటనే ముసుగు తన్ని గురక మొదలుపెట్టాడు. దున్నే రోజులు రాగానే ఊడిపడి, నెల్లాళ్లు జొన్న సంకటి మింగి, సాలు కూడా దున్నకుండా వెళ్లిపోయే బావమరిది ఒకడున్నాడాయనకు.

"చుట్టం కాదయ్యా, ఉత్తరం! ఎవరో తలుపు కింద తోసిపోయారు. లే! నీ గురక నాకు తెలీదా, నిజం గురకైతే గోడలు కదుల్తాయి" అంది మ్మా బొసీగో. ఆ దేశంలో మగవాళ్ల పేరుకు ముందు 'రా', ఆడవాళ్ల పేరుకు ముందు 'మ్మా' అనడం మర్యాద.

ఆ మంగళవారం పొద్దున ఆయన ఆలోచన చాలా చిన్నది. అక్కడ వేసవి నవంబరులోనే; ఎండలు మాడ్చేస్తున్నాయి, దూరాన మబ్బులు పడుతున్నాయి. తొలివాన పడగానే గాడిదలను కట్టుకుని, ఊరికి దూరంగా ఉన్న పొలానికెళ్లి దున్నుకోవాలి. నాగలి గడ్డివాము కింద ఉంది. నాగలి అనే మాటలో 'నా' ఉందిగానీ, ఆ నాగలి ఆయనది కాదు. ఎదురింటి మ్మా కెనోసిది. ఆమె భర్త పోతూ పోతూ మిగిల్చిన ఆస్తల్లా అదొక్కటే. మూడు వేసవుల కిందట దాన్ని అరువు తెచ్చుకుని, దొంగలెత్తుకుపోయారని చెప్పి, ఆమె ఏడిస్తే పక్కన కూర్చుని తనూ ఏడ్చాడు. అప్పట్నుంచి ఆమె మోకాళ్ల నొప్పులతో పలుగూ పారా పట్టుకుని తవ్వుకుంటోంది.

ఆయన ఉత్తరం విప్పాడు.

"రా బొసీగో గారికి, నేను శుక్రవారం మధ్యాహ్నం మీ ఇంటికి వస్తున్నాను. పైనుంచి నాకు అన్నీ కనిపిస్తాయి. మీ గడ్డివాము కింద ఏముందో నాకు తెలుసు. దాన్ని అక్కడే ఉంచితే పాడైపోతుంది. మీరేం భయపడకండి. ఇట్లు, పిడుగు."

చదవడం పూర్తయ్యేసరికి పిడికెడు గుండెలో పిడుగు పడనే పడింది.

"ఎవరో ఆటపట్టించారులే" అంది భార్య.

"ఆటా? ఆ రాత చూడవే! ఒక్క అక్షరమైనా తిన్నగా ఉందా? అన్నీ వంకర్లే, అచ్చం మెరుపు తీగల్లా! మనిషన్నవాడు ఇలా రాస్తాడా?"

పిడుగు తనంతట తాను రాదనీ, గిట్టనివాళ్లెవరో పంపిస్తేనే వస్తుందనీ ఆ వాడలో అందరికీ తెలుసు. పంపిందెవరో కూడా రా బొసీగోకు తెలిసిపోయింది: ఇంకెవరు, మ్మా కెనోసే! ఊరి పంచాయతీ జరిగే ఖోట్లాలో ఫిర్యాదు చేద్దామా అంటే, "ఆమెకు నీమీద కోపమెందుకయ్యా?" అని ఊరి పెద్ద మొదటి మాటే అడుగుతాడు. ఆ జవాబేమో గడ్డి కింద పడుకుని ఉంది.

గుండె చిక్కబట్టుకుని బయటికొచ్చాడు. ఎదురుగా మ్మా కెనోసి అలసందలు వలుస్తోంది. పక్కనే ఆమె మనవరాలు, ఏడేళ్ల పులానే.

"తాతా, మా నల్లకోడి మీ గడ్డివాము దగ్గరుందా?" అంది పులానే.

"కోడీ లేదు, గీడీ లేదు! గడ్డి దగ్గరికి రావొద్దన్నానా!"

"పిల్లమీద అరుస్తావేం? మొహమేంటి అలా పాలిపోయింది?" అని నవ్వింది మ్మా కెనోసి. "ఏం భయపడకు, ఈ ఏడు మంచి వానలే!"

భయపడకు! ఉత్తరంలోని ఆఖరి మాటే! రా బొసీగో వెనక్కి వెనక్కి నడిచి, ఇంట్లో దూరి గడియ వేసుకున్నాడు.

బుధవారం మూలికల ముసలాయన దగ్గరికి పరిగెత్తాడు. నాగలి సంగతి దాచి, పిడుగు సంగతి మాత్రం చెప్పాడు. ముసలాయన కళ్లు మూసుకుని చాలాసేపు ఊగాడు.

"అద్దాలకు గుడ్డ కప్పు."

"కప్పానండీ."

"ఇంట్లో ఇనుముందా?"

"కొ... కొంచెం."

"ఇనుము మాట అది వినును, వెతుక్కుంటూ వచ్చును. ఇంటి చుట్టుపక్కల ఇనుమన్నది ఉండకూడదు."

గురువారం రా బొసీగో ఇంట్లో ఇనుప జల్లెడ పట్టాడు. మూడుకాళ్ల ఇనుప కుండలు, బొగ్గుల ఇస్త్రీపెట్టె, గొడ్డలి, మంచం కోళ్లు, అన్నీ వాకిట్లోకొచ్చాయి.

"కుండల్లేకుండా వంట దేనిమీద చెయ్యను, నీ నెత్తిమీదా?" అని మండిపడింది భార్య.

"పెట్టవే, రేపు దానిమీదేగా పిడుగు పడేది, త్వరగా ఉడుకుతుంది!"

సాయంత్రం పైకి చూశాడు. కప్పంతా ఇనుప రేకులు! నిచ్చెనేసుకుని ఒక్కొక్కటే విప్పేశాడు. తప్పు కప్పుకోవడానికి కప్పు విప్పిన మనిషిని ఆ ఊరు చూడటం అదే మొదలు. చీకటి పడబోతుండగా తన గాడిద బండి మేకుల మీద కూడా అనుమానమొచ్చింది. వాటినీ పీకేసి, బండిని తోలుపట్టెలతో కట్టాడు.

శుక్రవారం పొద్దున ఉపాయం సిద్ధమైంది. బండి అడుగున నాగలి, దానిమీద సామాను, ఆపైన రేకులు. ఏటి ఇసుకలో అన్నీ పూడ్చేసి రావాలి. కానీ ఊరు ఊరుకుంటే ఊరెందుకవుతుంది?

"రా బొసీగో ఊరికే కప్పు విప్పే రకం కాదర్రా. ఆయనకేదో కబురందింది!"

"అన్నా, మా పారకూడా పడెయ్యి!"

"మా సైకిలు!"

"మా ఆయన పెట్టె! ఆయన్నీ ఎక్కిద్దునుగానీ, ఇనుము కాదాయె!"

బండి బండెడయింది, ఆపైన కొండయింది. గాడిదలు ఒకదాన్నొకటి చూసుకుని నిలబడిపోయాయి. అప్పుడు మ్మా కెనోసి తన ఒక్కగానొక్క ఇనుప కుండ తెచ్చి పైన పెట్టి, భుజాన ఉన్న దుప్పటి నడుముకు చుట్టుకుని, బండి వెనక్కి వెళ్లింది.

"నువ్వు లాగు, నేను తోస్తా!"

"వద్దు తల్లీ! నీ మోకాళ్లు..."

"మోకాళ్లకేం, తవ్వి తవ్వి గట్టిపడ్డాయి!"

ఆ మాట కత్తిలా దిగింది. ముందు నల్లమబ్బు, వెనక మ్మా కెనోసి. మధ్యలో చెమటలు కక్కుతూ నడిచాడు రా బొసీగో. ఖోట్లా ముంగిట్లోకొచ్చేసరికి సరిగ్గా మధ్యాహ్నమయింది. ఫెళ్లున ఉరిమింది. గాడిదలు ఎగిరాయి. తోలుపట్టెలు తెగాయి. బండి పల్టీ కొట్టింది. పైనున్నదంతా కిందికీ, అడుగునున్నది పైకీ వచ్చి, నాగలి దొర్లుకుంటూ పోయి మ్మా కెనోసి కాళ్ల ముందు ఆగింది. దాని పిడిమీద ఆమె భర్త పూసిన ఎర్రరంగు ఇంకా మెరుస్తూనే ఉంది.

ఎవరూ ఏమీ అడగకముందే రా బొసీగో ఆకాశంకేసి చేతులు జోడించి మోకాళ్లమీద పడ్డాడు.

"నేనే దాచాను! దొంగలూ లేరు, గింగలూ లేరు, నేనే దొంగని! కొట్టొద్దు తండ్రీ, ఇచ్చేస్తున్నా!"

"ఎవరితోనయ్యా మాట్లాడుతున్నావు?" అన్నాడు ఊరి పెద్ద.

రా బొసీగో జేబులోంచి ఉత్తరం తీసి అందించాడు. పెద్ద పైకి చదివాడు. 'ఇట్లు, పిడుగు' దగ్గరికొచ్చేసరికి ఆయన కాగితాన్ని చేయి చాచి దూరంగా పట్టుకున్నాడు. జనం నాలుగడుగులు వెనక్కి జరిగారు.

"అది నాది!" అని ముందుకొచ్చింది పులానే. "నా ఇంటిపని! టీచర్ దిద్దాలి, ఇచ్చెయ్యండి!"

పక్కనే ఉన్న బడిలోంచి ఒనాలెన్నా టీచర్ కాగితాల కట్టతో పరిగెత్తుకొచ్చింది. రెండో తరగతికి వేసవి రాతపని ఇచ్చిందట. వేసవిలో వచ్చేదేదైనా తామే అయినట్టు ఊహించుకుని, ఇరుగుపొరుగులో ఒకరికి ఐదు వాక్యాల ఉత్తరం రాసి, తలుపు కింద తోసి, వాళ్లు చదివాక దిద్దించుకోవడానికి తిరిగి తేవాలి. ఒకడు పుచ్చకాయ, ఒకత్తి ఉసిళ్లు. పులానే పిడుగు.

"అయితే 'రోజూ నీ నెత్తిమీదే నిలబడతా, నిన్ను మాడ్చేస్తా' అని నాకు రాసింది..." అన్నాడు కొట్టు యజమాని, మూడు రోజులు లోపల్నుంచి గొళ్లెం పెట్టుకుని, ఈ గోలకే బయటికొచ్చినవాడు.

"ఎండండీ. రెండో వరసలో కూర్చుంటాడు" అంది టీచర్.

"మరి గడ్డి కింద?" అని నీరసంగా అడిగాడు రా బొసీగో.

"మా నల్లకోడి గుడ్లు, తాతా! తొమ్మిదున్నాయి. వానకు తడిస్తే పాడైపోవూ?"

ఈలోగా వాన రానే వచ్చింది. "పులా! పులా!" అంటూ, వానను తమ భాషలో పిలుస్తూ, ఊరంతా సంబరంగా కేకలు వేసింది. కప్పులేని ఇంట్లోంచి మ్మా బొసీగో వేసిన కేకలు మాత్రం వేరే. పెద్ద అక్కడికక్కడే తీర్పు చెప్పాడు. ముందు మ్మా కెనోసి పొలం మొత్తం రా బొసీగో తన గాడిదలతో దున్నాలి, తర్వాతే తన కప్పు వేసుకోవాలి. మ్మా కెనోసి నాగలి పిడిని దుప్పటి అంచుతో తుడుస్తూ ఉండిపోయింది.

తడుస్తూనే టీచర్ పులానే ముందు వంగింది. "గడ్డి కింద గుడ్లు చూశావు సరే, ఇంత నాగలి నీకు కనిపించలేదా?"

"కనిపించింది టీచర్. కానీ మీరు ఐదు వాక్యాలే రాయమన్నారుగా!"

సోమవారం నుంచి ఒనాలెన్నా టీచర్ పది వాక్యాలు రాయమంటోందని తెలిసి, ఆ ఊళ్లో చాలామంది తలుపు కింద సందులకు మట్టి మెత్తించుకున్నారు.