గుర్రం వచ్చింది, రాజు రాలేదు

"మన మహారాజు పాలనలో ఒక్క పేదవాడి గుడిసె కూడా కూలలేదు. ఆ స్వర్ణయుగాన్ని మళ్లీ తెస్తాం. ముందు విగ్రహం పెడతాం" అని మంత్రిగారు ప్రకటించినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. విగ్రహం నిలబెట్టేది నా సైకిల్ షాపు ఎదురుగానే మరి. చూడ్డానికొచ్చిన జనం గాలి కొట్టించుకోకుండా పోతారా!

మంత్రిగారు పనిమంతులు. ఆలస్యం కాకూడదని గుర్రానికో టెండరు, రాజుకో టెండరు పిలిచారు. గుర్రం మీద ఎవరికీ అభిప్రాయాలు లేవు కనక అది టైముకే దిగింది. రాజుగారు మాత్రం మీసం దగ్గర ఆగిపోయారు. పైకి తిప్పాలని చరిత్ర కమిటీ, కిందికి దించాలని పార్టీ కమిటీ పట్టుబట్టాయి.

ఆవిష్కరణ రోజు పొద్దున్నే మంత్రిగారి పీఏ మా షాపుకొచ్చి, పంక్చరు వేస్తున్న నన్ను కన్నార్పకుండా చూశాడు. ఆలోచనలో పడితే కుడి మీసం మెలెయ్యడం నా అలవాటు. అందుకే అది పైకీ, ఎడమది కిందికీ ఉంటాయి.

"నువ్వు గుర్రమెక్కాలి" అన్నాడు.

"నాకు సైకిలే వచ్చు సార్."

"అది కదలదులేవయ్యా. నువ్వూ కదలకు."

"మరి నాకేంటి?"

"నీ షాపు జోలికి ఎవరూ రారు. కదిలావో, షాపు ఉండదు. ఇది మంత్రిగారి మాట. ఆయనకి మాత్రం చెప్పకు."

షాపు జోలికి ఎవరైనా రావచ్చన్న సంగతి నాకప్పుడే తెలిసింది. మా ఆవిడకు కూడా చెప్పకుండా ఒళ్లంతా కంచు రంగు పూయించుకుని, ముసుగు కింద గుర్రమెక్కి కూర్చున్నాను.

మంత్రిగారు తాడు లాగారు. రెండు కమిటీలూ మీసం చూసి కావలించుకున్నాయి.

"ఏం జీవకళ సార్!" అన్నాడో విలేకరి.

మంత్రిగారు కరిగిపోయారు. "ఇంతటి మహారాజు కళ్లెదుట ఆ రేకుల కొట్టేమిటయ్యా, దిష్టిబొమ్మలా? ఆయన గౌరవార్థం ఇప్పుడే తీసెయ్యండి!"

ఆయన కాన్వాయ్‌లో చివరి బండి ఎప్పుడూ బుల్డోజరే. అది ముందుకొచ్చింది. పీఏ నా వంక చూసి, తర్వాత తన బూట్ల వంక చూసుకున్నాడు. రేకులు ఫెళఫెళా కూలాయి. గాలిపంపు ఎగిరొచ్చి పీఠం దగ్గర పడింది.

నేను కదల్లేదు. కదిలితే షాపు పోతుందని కదా ఒప్పందం.

మా ఆవిడ జనాన్ని తోసుకుంటూ వచ్చి, గుర్రం కాళ్ల దగ్గర తలెత్తి చూసింది. మీసం గుర్తుపట్టింది.

"ఏమయ్యా! కళ్లముందే కూల్చేస్తుంటే గుడ్లప్పగించి కూర్చున్నావా? దిగు కిందికి!"

మంత్రిగారు కళ్లద్దాలు తీసి కళ్లొత్తుకున్నారు.

"రాసుకోండయ్యా" అన్నారు విలేకర్లతో. "ఇన్నేళ్లయినా మన జనం ఆయనకే మొరపెట్టుకుంటున్నారు!"