రుచి తరహా చుక్కమ్మ

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ సుఖంగా బతికేవని చెబితే మీరు నమ్మరు కాబట్టి, భయంగా బతికేవని చెబుతాను. ఆ భయమే వాటిని బతికించేది.

అక్కడ ఒక పాత ఆచారం ఉండేది. కొండముచ్చులు చెట్టు మీద, జింకలు అదే చెట్టు కింద మేసేవి. కొండముచ్చులు సగం కొరికి పారేసిన కాయలు జింకలకు. అందుకు బదులుగా కాపలా ఇద్దరిదీ. పైనుంచి పులి కనబడితే కొండముచ్చు ఖర్రుమని అరిచేది. కింద వాసన తగిలితే జింక కాలు నేలకేసి కొట్టేది. ఎవరు ముందు పసిగట్టినా అందరిదీ ఒకటే పరుగు. ఈ ఏర్పాటుకు కాగితం లేదు, కమిటీ లేదు. అందుకే అడవి పరిషత్తుకు అదంటే చిన్నచూపు.

జింకల మందకు చుక్కమ్మ పెద్ద దిక్కు. ఆమె తల ఎత్తితే నలభై తలలు లేచేవి. కానీ ఆమె బెంగంతా అక్క బంగారమ్మ మీదే. బంగారమ్మకు మోకాళ్లు పట్టేశాయి. అందరికంటే నాలుగడుగులు ముందు కదిలితేనే అందరితో పాటు గట్టెక్కుతుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే అక్క దక్కదని చుక్కమ్మకు తెలుసు.

ఇలా ఉండగా పరిమళరావు అనే పునుగుపిల్లి పట్నం నుంచి దిగాడు. అక్కడి జూలో రెండేళ్లు బోనులో ఉన్నాడు. ఆ మాట అనకుండా "శిక్షణ పొందాను" అన్నాడు. వచ్చిన వారానికే పరిషత్తులో ఉపన్యాసం.

"అధ్యక్షా! మన అడవిలో చావులకు కారణం పులి కాదు."

అధ్యక్ష స్థానంలో ఉన్న ఏనుగు చెవులు ఆడించడం ఆపింది. "మరి?"

"సమాచారం ఎవరి తరహాలో వాళ్లకు అందకపోవడం! ఒకరిది కంటి తరహా, ఒకరిది చెవి తరహా. ముక్కు, నాలుక, స్పర్శ, ఇలా ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. చెవి తరహా వాడికి బొమ్మ చూపిస్తే బుర్రకెక్కుతుందా?"

"ఎక్కదు," అంది ఏనుగు, ముక్క అర్థం కాకపోయినా. కుర్చీలో కూర్చున్నవాళ్లకు అది మామూలే.

మర్నాడే పరీక్ష మొదలైంది. బండ మీద ఒక నెమలి ఈక, ఎద్దు మెడలోంచి ఊడిన గంట, సంపెంగ పువ్వు, ఉసిరికాయ పెట్టారు. మనసుకు నచ్చినదాని దగ్గరికి వెళ్లాలి. పొద్దున్నుంచీ వరసలో నిలబడి చుక్కమ్మకు ఆకలి దంచేస్తోంది. ఉసిరికాయ నోట్లో వేసుకుంది.

"రుచి తరహా!" అని పరిమళరావు కేక పెట్టాడు. ఎలుగుబంటి గుమస్తా ఆమె మెడలో బెరడు బిళ్ల కట్టింది.

బంగారమ్మ ఈక మీద వాలిన ఈగను చూస్తూ నిలబడింది. ఆమెది కంటి తరహా. కొండముచ్చు దాసప్ప గంట తీసుకుని వీపు గోక్కున్నాడు. స్పర్శ తరహా.

"నాకు స్పర్శేందయ్యా? వాగు అవతల ఆకు కదిలినా చూస్తాను నేను!"

"అది నీ భ్రమ. నీ సంగతి నీకు తెలియదనే కదా ఈ పరీక్ష."

"అయితే పులొచ్చిందని నాకెట్ట తెలియాల? తడిమి చూడాల్నా?"

"ఆ వివరాలు రెండో విడతలో."

చుక్కమ్మ మెల్లిగా అడిగింది. "నాకెట్ట చెబుతారు బాబూ?"

"నీకు వేపాకు పంపుతాం తల్లీ. చేదు తగిలితే పులి అని గ్రహించాలి. నిదానంగా నమలాలి. గబుక్కున మింగితే అవగాహన కుదరదు."

కంటి తరహా వాళ్లకోసం, పులి వచ్చినప్పుడు వాగు పక్క చెట్టుకు ఎర్రగుడ్డ కడతామన్నారు. చెట్టు మీంచి అరవడం నిషేధం. అది మిగతా తరహాల ఏకాగ్రతను చెడగొడుతుందట. ఎవరికి ఏం కనబడినా, వినబడినా పరిషత్తు కచేరీలో చెప్పాలి. ఎలుగుబంటి దాన్ని తరహాల వారీగా విడదీసి పంపిస్తుంది.

ఆ సాయంత్రం చుక్కమ్మ అక్కతో అంది. "ఇదేం చోద్యమే అక్కా? మనకు ముక్కు లేదా, చెవుల్లేవా?"

బంగారమ్మ బిళ్లను నాకి తుడుచుకుంటోంది. "చదువుకున్నోడు చెప్పాడు కదే. ఇన్నేళ్లూ నన్ను అందరూ ముసలిది, కుంటిది అన్నారు. కంటి తరహా అని ఒక్కరన్నా అన్నారా?"

అక్క మొహంలో ఆ వెలుగు చూసి చుక్కమ్మ ముక్కుతో ఆ బిళ్లను సరిచేసింది. తన మెడలో బిళ్ల చూసుకుంటే తనకూ ఎంతో కొంత గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు?

ఫాల్గుణం వచ్చింది. ఒక మధ్యాహ్నం దాసప్పకు ఎండుగడ్డిలో చారలు కనిపించాయి. నోరు తెరిచాడు, నిషేధం గుర్తొచ్చి మూశాడు. కొమ్మల మీదుగా కచేరీకి పరిగెత్తాడు.

"పులి!"

ఎలుగుబంటి తల ఎత్తలేదు. "ముట్టుకున్నావా?"

"చూశాను!"

"నీది స్పర్శ. చూసింది చెల్లదు. సరే, ఇంత దూరం వచ్చావు గనక రాసుకుంటాను. వేపాకులు ఎన్ని కావాలో, గుడ్డలు ఎన్ని కావాలో, కూర్చో, లెక్క చూద్దాం."

అదే సమయంలో వాగు దగ్గర చుక్కమ్మ ముక్కుకు ఘాటుగా వాసన తగిలింది. పుట్టినప్పటినుంచీ తెలిసిన వాసన. ముందుకాలు దానంతట అదే లేచింది. కొట్టబోతూ ఆగింది. వేపాకు రాలేదు కదా? తనది రుచి తరహా కదా? పొరపాటు పడి నలభైమందినీ పరిగెత్తిస్తే నవ్వరూ? ఎత్తిన కాలు మెల్లిగా దించింది. ఆమె బతుకులో చేసిన పెద్ద తప్పు అదే.

అక్కడ కచేరీలో దాసప్పకు ఓపిక చచ్చిపోయింది. చెట్టెక్కి గొంతు చించుకుని ఖర్రుమన్నాడు. అప్పుడు చుక్కమ్మ నాలుగు కాళ్లతోనూ నేల దద్దరిల్లేలా తన్నింది. మంద చెదిరి పారిపోయింది.

"అక్కా, పరిగెత్తు!"

బంగారమ్మ కదల్లేదు. మెడ ఎత్తి ఎర్రగుడ్డ కోసం చూస్తోంది. గుడ్డ కట్టేందుకు వాళ్లు ఎంచుకున్నది మోదుగు చెట్టు. ఫాల్గుణంలో మోదుగు ఎలా ఉంటుందో అడవిలో పిల్లలకు కూడా తెలుసు. ఆకు లేదు, చెట్టంతా ఎర్రటి పువ్వే. అందులో గుడ్డ ఉందో లేదో ఆమె వెతుకుతూ ఉండగానే పులి అందుకుంది.

ఎలుగుబంటి రొప్పుతూ వచ్చేసరికి అంతా అయిపోయింది. "ఇదిగో నీ వేపాకు. అందినట్టు ఇక్కడ గిట్ట ముద్ర వెయ్యి," అంది. చుక్కమ్మ ఏడుస్తూనే ముద్ర వేసింది. వేయకపోతే అది కదిలేలా లేదు.

మర్నాడు పరిషత్తు సంతాప సభ పెట్టింది. పరిమళరావు లేచాడు. "బంగారమ్మగారి మరణం పథకం తప్పు కాదు, గుడ్డ రంగు తప్పు. రెండో విడతలో పచ్చగుడ్డ కడదాం."

చుక్కమ్మ ముందుకొచ్చింది. "బాబూ, నిన్న నేను పరిగెత్తుతా చూశాను. అందరికంటే ముందు మీరే మద్దిచెట్టు చిటారుకొమ్మన ఉన్నారు. చూసి ఎక్కారా? విని ఎక్కారా? వాసన పట్టి ఎక్కారా?"

"అదేం ప్రశ్నమ్మా! ప్రాణం మీదికొస్తే అన్నీ..." అని నాలిక్కరుచుకున్నాడు పరిమళరావు.

"మరి మీ మెడలో బిళ్ల ఏదీ?"

"నేను పరీక్ష పెట్టేవాణ్ణి తల్లీ, రాసేవాణ్ణి కాదు."

సభ చప్పట్లు కొట్టింది. ఏనుగు తొండం ఎత్తి రెండో విడత మంజూరు చేసింది. చుక్కమ్మ మందను తోలుకుని దాసప్ప చెట్టు కిందికి వెళ్లిపోయింది. అనుమతి లేకుండా ఒక చెట్టు కింద గుమిగూడినందుకు వాళ్లందరికీ తాఖీదులు అందాయి.

నీతి: పదిమందికీ తలా ఒక ఇంద్రియం పంచేవాడు, ముందు ఐదూ తనకు అట్టేపెట్టుకునే పంచుతాడు.